ఎత్తేది నూనె, దించేది బరువు

భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు సిలిండర్లూ పైపులూ చూసినవాణ్ణి. రిటైరయ్యాక శివనాథ్ నది దగ్గర కూరగాయల తోట పెట్టి చిన్న ట్రాక్టరు కొన్నాను. హైడ్రాలిక్ నాకు తెలియనిదా అనుకున్నాను.

1. తెలియదు. మిల్లులో నేను చూసిన సిలిండర్లు చాలావరకు రెండు వైపులా పనిచేసేవే. నూనె ఇటు పంపితే తోస్తాయి, అటు పంపితే లాగుతాయి. ట్రాక్టరు లిఫ్టులో నూనె ఎత్తుతుంది, అంతే. దిగేది నాగలి తన బరువుకు. మే నెలలో ఎండి బిగిసిన కన్హార్ నేల మీద (ఇక్కడ నల్లరేగడిని అలా అంటారు) నాగలి గీత గీస్తూ పోతోంది, నేనేమో లివరును ఇంకా ఇంకా కిందికి నొక్కుతున్నాను. పక్క పొలం రైతు గట్టు మీంచి చూసి చూసి, లేచొచ్చి నాగలి పైభాగాన్ని ట్రాక్టరుకు కలిపే టాప్ లింకును రెండు చుట్లు బిగించి పొట్టి చేశాడు. కర్రు మొన వంగి నేలను పట్టింది. నా సర్వీసు సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

2. లివర్లు రెండు. పొజిషన్ లివరుకు ఎత్తు ఒక్కటే లెక్క. ఎక్కడ పెడితే పనిముట్టు ఆ ఎత్తులో నిలుస్తుంది. గడ్డి కోసే మిషనుకు అదే వాడతాను. డ్రాఫ్ట్ లివరు చూసేది లాగుడు. మటాసీ అనే తేలిక నేల దాటి కన్హార్ తగిలేచోట నాగలి బిగుసుకుంటే, ఆ ఒత్తిడి టాప్ లింకు ద్వారా స్ప్రింగుకు చేరి లిఫ్టు నాగలిని కాస్త లేపుతుంది. అక్కడ లోతు తగ్గుతుంది నిజమే, కానీ చక్రం జారదు, ఇంజను ఆగిపోదు. హారీ ఫెర్గూసన్ బుర్రలో పుట్టిన ఈ ఏర్పాటు 1936లోనే ట్రాక్టరుతో అమ్మకానికొచ్చింది. దున్నడానికి దీన్ని వదిలి పొజిషన్‌తో తంటాలు పడేవాళ్లు ఇంకా ఉన్నారు. మొదటి ఏడాది నేనూ అంతే.

3. ఇంజను ఆపితే పంపు తిరగదు, నాగలి లేవదు. దిగడానికి మాత్రం ఇంజనుతో పనిలేదు. పిల్లాడి చెయ్యి లివరుకు తగిలినా చాలు. లేపిన నాగలికి చిక్కిన గడ్డి తియ్యాలంటే ముందు కింద మొద్దులు పెడతాను.

4. లివరు పైకంటా లాగాక కీచుమంటే రిలీఫ్ వాల్వు నూనెను వదిలేస్తోందన్నమాట. వేలెడు కిందికి తెస్తే ఊరుకుంటుంది.

5. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే, మార్చాలి. కారుతున్న చోటు చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. సూదిబెజ్జమంత చిల్లులోంచి చిమ్మే నూనె చర్మం లోపలికి దూరుతుంది. మొదట నొప్పి పెద్దగా ఉండదు, తర్వాత వేలే తీసేయాల్సి రావచ్చు. దూరిందనిపిస్తే కడుక్కుని కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

6. పనిముట్టు తగిలించేటప్పుడు ముందు కింది ఎడమ లింకు, తర్వాత కుడిది, ఆఖర్న టాప్ లింకు. కుడిదాని పొడవు మార్చుకోవచ్చు కాబట్టి ఆ వరస. ఇప్పుడు పక్క రైతు బండిలో నూనె కారితే నన్నే పిలుస్తాడు. నా టాప్ లింకు మాత్రం ఆయనే బిగిస్తాడు.