బండి కన్నా ముందు బాడుగ

సమస్య

చెన్నై పురసవాక్కంలో స్థిరపడిన నెల్లూరు జిల్లా కుటుంబానికి చెందిన ముప్పై నాలుగేళ్ల డ్రైవరొకరు, వాల్ టాక్స్ రోడ్డులోని ఒక పార్సిల్ ఆఫీసులో చాలాకాలంగా జీతానికి లారీ నడుపుతూ, ఇకపై సొంత బండితో బతకాలన్న ఆశతో ఈ శీర్షికకు లేఖ రాశారు. పాత లారీకి అప్పిస్తామని ఒక ఫైనాన్సు సంస్థ ముందుకొచ్చిందని, మొదటి చెల్లింపు కోసం నగలు కుదువపెట్టడానికి భార్య ఒప్పుకొన్నా, "లోడు ఎవరిస్తారు?" అని ఆమె అడిగితే జవాబు చెప్పలేకపోయానని, బుకింగు వ్యవహారమంతా ఆఫీసే చూసుకోవడంతో తనకు స్టీరింగు తప్ప వ్యాపారం తెలియదని ఆయన వాపోయారు.

సలహా

ఈ వృత్తిలో మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఆ ఇల్లాలు అడిగినదే. చెన్నైలో బండికి అప్పు పుట్టడం కొత్త సంగతి కాదు. 1979లో ఈ నగరంలో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్, బ్యాంకులు దగ్గరకు రానివ్వని చిన్న డ్రైవర్లకు పాత లారీల మీద అప్పులిస్తూనే పెరిగి, 2022లో శ్రీరామ్ ఫైనాన్స్‌గా మారింది. జీతపు డ్రైవరు యజమాని కావడానికి ఈ ఊళ్లో దారి ఉన్నదనడానికి అదే సాక్ష్యం. అయితే అప్పిచ్చినవారు లోడు చూపించరు, బండి నిలిచిపోయిన నెలలో కూడా వాయిదా ఆగదు.

లేఖకుడు ముందుగా కాగితం మీద ఒక లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు నెలవాయిదా 24,000 రూపాయలనీ, బీమాకూ పన్నుకూ టైర్లకూ మరమ్మతులకూ పక్కన పెట్టవలసినది 12,000 అనీ, ఇంటి ఖర్చు 20,000 అనీ అనుకుంటే, బండి కదలకపోయినా నెలకు 56,000 కావాలి. డీజిలు, టోలు, హమాలీ, బ్రోకరు కమిషను పోను ట్రిప్పుకు 3,500 మిగిలితే, పదహారు ట్రిప్పులు పూర్తయ్యేదాకా లాభమన్న మాటే లేదు. ఆ మిగులు కూడా రిటర్న్ లోడు మీద, అంటే సరుకు దించిన ఊరినుంచి తిరుగు ప్రయాణంలో దొరికే సరుకు మీద ఆధారపడుతుంది. ఖాళీగా తిరిగి వచ్చిన బండి పోయేటప్పటి బాడుగలో అధికభాగాన్ని డీజిలుకే అర్పిస్తుంది. లేఖకుడికి బాగా తెలిసిన చెన్నై-నెల్లూరు దారి సుమారు 175 కిలోమీటర్లు; పోయేటప్పుడు పార్సిళ్లు, వచ్చేటప్పుడు రెడ్ హిల్స్ వైపు బియ్యం అన్న జోడింపు కుదురుతుందో లేదో ఉద్యోగంలో ఉండగానే, సెలవు రోజుల్లో అటు మిల్లులకూ ఇటు బుకింగు ఆఫీసులకూ స్వయంగా వెళ్లి అడిగి తెలుసుకోవాలి. కనీసం ముగ్గురు నికరంగా లోడిస్తామని చెప్పేదాకా ఉద్యోగం మానడం, నగలు కుదువపెట్టడం రెండూ వద్దు.

పెద్ద లారీతోనే మొదలుపెట్టాలన్న నియమమేమీ లేదు. నగరంలో భారీ వాహనాలకు పగటివేళ ఆంక్షలున్నందున, మాధవరం వంటి శివార్లలో దిగిన సరుకును పురసవాక్కం హైరోడ్డు బట్టల దుకాణాలకూ వేపేరి గోదాములకూ చేర్చేవి చిన్న బండ్లే. 2005లో వచ్చిన టాటా ఏస్‌ను తమిళులు ముద్దుగా కుట్టి యానై, అంటే చిన్న ఏనుగు అని పిలుచుకునేంతగా అవి ఈ వీధుల్లో కలిసిపోయాయి. బండి, సరుకు కలిపిన మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహనాల చట్టం పర్మిటు అడగదు. పోర్టర్ వంటి సరుకు రవాణా యాప్‌లు మొదటి నెలల్లో ఖాళీని నింపుతాయి. కానీ రేటు నిర్ణయం వారి చేతిలో ఉంటుంది కనుక, వీధిలోని నాలుగు దుకాణాల నమ్మకమే అంతకన్నా గట్టి ఆస్తి.

బ్రోకరు ద్వారా లోడెత్తేటప్పుడు బాడుగ మొత్తం, అడ్వాన్సు, హమాలీ ఎవరిది, దింపడం ఆలస్యమైతే రోజుకు ఇవ్వవలసిన హాల్టింగు ఎంత అనే నాలుగింటినీ బండి కదలకముందే చీటీ మీద రాయించుకోవాలి. మిగిలిన బాకీ సాధారణంగా సరుకు అందినట్టు సంతకం, ముద్ర పడిన రసీదు చూపితేనే చేతికొస్తుంది. ఆ రసీదు పోతే బాకీ వసూలు కష్టమే కనుక, దించినచోటే దాన్ని ఫోనులో ఫోటో తీసుకోవడం మంచిది. పది బండ్లకు మించని యజమాని పాన్ వివరాలతో ఆ మేరకు రాసిస్తే, బాడుగ చెల్లించేవారు అందులో ఆదాయపు పన్ను కోత పెట్టనవసరం లేదన్న సంగతి చిన్న యజమానులు తప్పక గుర్తుంచుకోవాలి.

అధికలోడు విషయంలో మాత్రం ఎంతటి ఖాతాదారు అడిగినా ఒప్పుకోకూడదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలతో మొదలై, అదనపు టన్నుకు మరో 2,000 చొప్పున పెరుగుతుంది, పైగా ప్రమాదం జరిగితే పోయేది ప్రాణాలు.

చివరకు పాత లారీయే కొనదలిస్తే, బయానా ఇవ్వకముందే పన్ను బకాయిలు, చలాన్లు, ఫిట్‌నెస్ గడువు, ఆర్‌సీలో పాత ఫైనాన్సు నమోదు రద్దయిందా లేదా అన్నవి ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైట్‌లో సరిచూసుకొని, ఆ తర్వాతే నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకొని బండి దగ్గరకు వెళ్లాలి.