సమాధులలో కాపురమున్నవాడు

చదువవలసిన భాగములు: మార్కు సువార్త 5:1–20, సంఖ్యాకాండము 31:19–24



ఈ నెల పాఠము వ్రాయుటకు ముందు మా తప్పిదమొకటి మీయెదుట ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు రాత్రి ఆరాధన జరుగుచుండగా గుడి వాకిట పిల్లలు టపాకాయల సరము వెలిగించిరి. వెనుక చాపమీద కూర్చున్న ఒక సహోదరుడు, మిలిటరీలో పదునేడు సంవత్సరములు పనిచేసి వచ్చినవాడు, ఒక్కసారిగా నేలమీద బోర్లపడి, ప్రక్కనున్న పిల్లవానిని తన క్రిందికి లాగుకొని, చేతులతో తల కప్పుకొనెను. యౌవనస్థులు నవ్విరి. ఆయనయొద్ద రమ్ము వాసన వచ్చుచున్నదని పెద్దలలో ఒకరు మా చెవిలో చెప్పిరి. మేము ప్రసంగము ఆపి, త్రాగి దేవుని మందిరములోనికి రాకూడదని అందరియెదుట గద్దించితిమి. ఆయన లేచి, బట్టలు దులుపుకొని, చీకటిలో చెప్పులు వెదకుకొని వెళ్లిపోయెను. ఆయన భార్యయు పిల్లలును తలలు వంచుకొని కూర్చుండిరి. ఆ పిల్లవానిని ఆయన ఎందుకు తన క్రిందికి లాగెనో ఆ రాత్రి మాకు తోచనేలేదు.

ఇప్పుడు మార్కు అయిదవ అధ్యాయము తెరువుడి. ఈ కథ మనకు చిన్ననాటినుండి తెలిసినదే. సండేస్కూలు పిల్లలు పందుల మాట రాగానే నవ్వుదురు. ఈసారి పందులను కొంతసేపు ప్రక్కకుంచి ఆ మనుష్యుని చూడుడి. వాని కాపురము సమాధులలో. రాత్రియనక పగలనక వాడు కేకలు వేయుచున్నాడు, తన దేహమును తానే రాళ్లతో గాయపరచుకొనుచున్నాడు. ఊరివారికి తెలిసిన వైద్యము ఒక్కటే, సంకెళ్లు. సంకెళ్లు తెగినప్పుడు వారికి చేతనైనది ఇంకేమియు లేదు. ప్రభువు పేరడిగినప్పుడు వచ్చిన జవాబు మన తెలుగు బైబిలులో 'సేన' అని యున్నది. మూలములోని మాట లెగియోను. అది రోమా సైన్యములో అయిదారు వేలమంది గల దళమునకు పేరు.

ఇక్కడ జాగ్రత్తగా నడువవలెను. ఆ మనుష్యుడు సైనికుడని సువార్త చెప్పలేదు గనుక మనమును చెప్పరాదు. వానిని పట్టినవి అపవిత్రాత్మలని మార్కు స్పష్టముగా వ్రాసెను. యుద్ధమునుండి వచ్చి నిద్రపట్టని ప్రతివానికిని దయ్యము పట్టినదని ఈ భాగమునుండి బోధించువారు మన ప్రాంతములలో కొందరున్నారు. అది వాక్యమునకును మనుష్యునికిని చేయు అన్యాయమని మా అభిప్రాయము. మనము ఈ భాగములో చూడవలసినది ఆ ఊరు వానియెడల ఏమి చేసెను, ప్రభువు ఏమి చేసెను అనునదే.

యుద్ధము మనుష్యుని మనస్సుకు చేయు గాయము క్రొత్తది కాదు. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధము తరువాత దానికి 'సైనికుని గుండె' అని పేరు పెట్టిరి. 1914లో ఆరంభమైన మొదటి ప్రపంచయుద్ధములో 'షెల్ షాక్' అనిరి. ఆ యుద్ధములో పారిపోయిరనియు పిరికితనము చూపిరనియు బ్రిటిషు సైన్యము తన సైనికులనే కాల్చి చంపెను. అట్టివారిలో 306 మందికి 2006లో, అనగా తొంబది సంవత్సరములు గడచిన తరువాత, ఆ దేశపు పార్లమెంటు క్షమాపణ ప్రకటించెను. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన గ్రంథములో ఈ వ్యాధికి స్థిరమైన పేరును లక్షణములను చేర్చెను. పేరేదైనను పని ఒక్కటే. జొన్నచేనుకు కాపలా ఉన్నవాడు అడవిపందుల భయమున మంచెమీద రాత్రులు మేలుకొని, చీమ చిటుక్కుమన్నను లేచి కేక వేయును. పంట ఇంటికి చేరిన తరువాత వాడు సుఖముగా నిద్రపోవును. యుద్ధము చూచినవానిలో కొందరికి పంట ఇంటికి చేరదు. శరీరము ఇంటనున్నను లోపలి కావలివాడు మంచె దిగడు. తలుపు గట్టిగా వేసినను, వెనుకనుండి భుజము తట్టినను చేయి ముందుగా లేచును, బుద్ధి తరువాత వచ్చును.

లూయీ జాంపెరీని పేరు మీలో కొందరు వినియుందురు. 1936లో బెర్లిను ఒలింపిక్సులో 5,000 మీటర్ల పరుగులో ఎనిమిదవవాడుగా వచ్చిన అమెరికా యువకుడు. 1943 మే నెలలో ఆయన ఎక్కిన విమానము పసిఫిక్ మహాసముద్రములో కూలెను. ముగ్గురు మిగిలిరి, ఒకడు తెప్పమీదనే చనిపోయెను. 47 దినములు వాననీళ్లతోను, పట్టిన పక్షులతోను చేపలతోను బ్రదికి, చివరకు జపానువారికి చిక్కి, 1945లో యుద్ధము ముగియువరకు ఖైదీగా దెబ్బలు తినెను. ఇంటికి వచ్చినప్పుడు జనులు ఆయనను వీరుడని సన్మానించిరి. రాత్రి మాత్రము తన్ను హింసించిన జపాను సార్జంటు కలలో వచ్చుచుండెను. కల రాకుండుటకు త్రాగెను. ఒక రాత్రి ఆ సార్జంటు గొంతు పట్టుకొంటినని తలంచి మేలుకొని చూడగా, చేతులలో నున్నది గర్భవతియైన తన భార్య గొంతు.

1949లో లాస్ ఏంజెలిస్ పట్టణములో బిల్లీ గ్రాహము గుడారపు కూటములకు భార్య బలవంతము మీద వెళ్లి, ఆయన ప్రభువునకు తన్ను అప్పగించుకొనెను. ఆ రాత్రినుండి ఆ కలలు మరల రాలేదని ఆయనే సాక్ష్యమిచ్చెను. 1950లో టోకియోలోని సుగామో చెరసాలకు వెళ్లి, తన్ను కొట్టిన కావలివారిని క్షమించెను. 2014లో 97వ యేట మరణించెను.

ఈ సాక్ష్యము నిజము, మనము దానిని సంతోషముగా చెప్పుకొందుము. అయితే ప్రియులారా, మనము ఇట్టి సాక్ష్యములను మాత్రమే చెప్పుకొందుము. ఒక్క రాత్రిలో విడుదల కలిగినవానిని వేదికమీదికి పిలుతుము. పది సంవత్సరములు ప్రార్థించినను కలలు ఆగనివాడు వెనుక చాపమీద కూర్చుండి, నాలో విశ్వాసము లేదు కాబోలునని అనుకొనుచుండును. అందుచేత మరియొకని సంగతి కూడ చెప్పుచున్నాము.

మాన్యుయేల్ బాబిట్ అనువాడు అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రములో 1949లో పేద కుటుంబమున పుట్టెను. చదువు అబ్బలేదు. 1967లో మెరైను సైన్యములో చేరి వియత్నాము వెళ్లెను. 1968 జనవరి మొదలు ఖే సాన్ అను స్థావరమును శత్రువులు ముట్టడించి 77 దినములు గుండ్ల వాన కురిపించిరి. అక్కడ చిక్కిన సుమారు 6,000 మంది మెరైనులలో వీడొకడు. తలకు గాయమైనది. తిరిగి వచ్చిన తరువాత మనస్సు చెదరెను. త్రాగుడు, మత్తుపదార్థములు, దొంగతనములు పట్టుకొనెను. నేరము చేసి, మతి చలించిన ఖైదీలనుంచు ఆసుపత్రిలో కొంతకాలముండెను. 1980లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో తన అన్న ఇంటికి వచ్చి చేరెను.

ఆ సంవత్సరము డిసెంబరులో ఒక రాత్రి వాడు ఒక 78 సంవత్సరముల వృద్ధురాలి ఇంటిలోనికి చొరబడి ఆమెను కొట్టెను. ఆమె చనిపోయెను. మరుసటి రాత్రి మరియొక స్త్రీమీద పడెను. ఇక్కడ మేము మాట మృదువు చేయము. ఆ తల్లి తన ఇంట తాను కూర్చున్నది. వియత్నాముతో ఆమెకేమి పని? ఆమెకును పిల్లలున్నారు. వానిమీద జాలిపడువారు ఆమెను మరచిపోయినయెడల ఆ జాలి దేవునియెదుట నిలువదు.

హతురాలి ఇంటినుండి వచ్చిన వస్తువు అన్న కంటబడెను. తమ్ముడే చేసెనని అతనికి తెలిసిపోయెను. దాచవలెనా? కయీనును దేవుడు అడిగిన ప్రశ్న మనకు తెలియును. ఈ అన్న కయీనువలె జవాబియ్యలేదు. పోలీసులయొద్దకు వెళ్లి, తమ్మునికి వైద్యము దొరకునని నమ్మి, వానిని పట్టియిచ్చెను. మరణశిక్ష పడదని వారు తనతో చెప్పిరని అతడు తరువాత బహిరంగముగా చెప్పెను. 1982లో మరణశిక్ష పడెను. 1998లో, యుద్ధములో గాయపడినందుకు ఇయ్యవలసిన పర్పుల్ హార్ట్ పతకమును ముప్పది సంవత్సరముల తరువాత చెరసాలలోనే వానికిచ్చిరి. 1999 మే 4న, ఏబదియవ పుట్టినదినమునకు మరుసటి దినమున, సాన్ క్వెంటిన్ చెరసాలలో విషపు సూదితో వాని ప్రాణము తీసిరి. అన్న అక్కడ నిలిచి చూచెను. అటు తరువాత అతడు మరణశిక్షలకు విరోధముగా ఊరూరు తిరిగి మాటలాడెను.

ఈ సంగతి చదివిన దినమున ఆ అన్న స్థానములో మమ్మును నిలువబెట్టుకొని చూచితిమి. అతడు చేసినది న్యాయమే అని మా నమ్మకము. దాచియుంటే మూడవ ఇల్లు ఏదై యుండెనో! అయినను అతడు ఆ రాత్రులు ఎట్లు నిద్రించెనో అని తలంచినప్పుడు తీర్పు చెప్పు నోరు మూతబడుచున్నది. 1968కిని 1980కిని మధ్య పండ్రెండు సంవత్సరములున్నవి. వానిని పట్టుకొనుటకు పోలీసులుండిరి, బంధించుటకు ఆసుపత్రి యుండెను. నీ పేరేమి అని అడిగినవారు ఎందరుండిరో!

సంఖ్యాకాండము 31వ అధ్యాయములో మిగిలిన సంగతులు చదువుటకే కష్టమైనవి. వాటిని విప్పుటకు ఇక్కడ స్థలము లేదు. 19వ వచనము మొదలుకొని ఒక కట్టడ మాత్రము చూడుడి. యుద్ధములో నరుని చంపినవాడును శవమును ముట్టినవాడును ఏడు దినములు పాళెము వెలుపల నుండవలెను. మూడవ దినమున ఏడవ దినమున పవిత్రపరచుకొని, బట్టలు ఉదుకుకొని, తరువాత పాళెములోనికి రావలెను. గెలిచి వచ్చినవానికి కూడ ఈ నియమమే. చంపిన చేతితో తిన్నగా వచ్చి బిడ్డను ఎత్తుకొనుట మనుష్యునికి సాధ్యము కాదని ధర్మశాస్త్రము ఎరిగియున్నది. వెలుపల నుండుటకు ఒక కాలము, లోపలికి వచ్చుటకు ఒక దారి, రెండును అందులోనున్నవి. వియత్నాము సైనికులు అనేకులు అడవిలో తుపాకి దించిన కొద్ది దినములలోనే విమానమెక్కి వచ్చి ఇంటి వాకిట దిగిరి.

త్రాగుడును గూర్చి రెండు మాటలు. వియత్నామునుండి 1971లో తిరిగివచ్చిన సైనికులను లీ రాబిన్స్ అను పండితురాలు పరీక్షించగా, అక్కడ నల్లమందు జాతి మత్తుకు బానిసలైనవారు సుమారు అయిదింట ఒక వంతు. ఇంటికి వచ్చిన మొదటి సంవత్సరములో వారిలో మరల బానిసలైనవారు మిక్కిలి కొద్దిమంది. స్థలము మారి, మనుష్యులు మారి, పని దొరికినప్పుడు సంకెళ్లు తెగుట సాధ్యమే. అందరికి కాదు, బాబిట్‌ను చూచితిమి గదా.

గాయపడిన సైనికుడు ఎక్కువగా సరదాకు త్రాగడు, నిద్రకొరకు త్రాగును. మద్యము మొదట కన్ను మూయించును, నడిరాత్రి నిద్రను చెడగొట్టి కలలను మరింత తెచ్చును, మరునాడు మోతాదు పెరుగును. కాబట్టి మానుము, మానుము అని కేకలు వేసిన చాలదు. ఇంకొక హెచ్చరిక: ఏండ్ల తరబడి విస్తారముగా త్రాగినవాడు ఒక్క రాత్రిలో ఆపినయెడల వణుకు, మూర్ఛలు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కలుగును. ఉపవాస ప్రార్థనలో కూర్చుండబెట్టి ఈ రాత్రినుండే మానుమని ప్రమాణము చేయించు పాస్టరుగార్లు ఇది ఎరుగవలెను. ప్రార్థించుడి, వైద్యునియొద్దకు తీసికొనిపొండి, రెండును చేయుడి. ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలి మానస్ అను సహాయమునకు 14416 నంబరుకు ఫోను చేసిన తెలుగులోనే మాటలాడుదురు.

ఆయన నిద్రలో కేక వేసినప్పుడు ముట్టి లేపకుడి. దూరముగా కాళ్లవైపు నిలిచి పేరుపెట్టి పిలువుడి. యుద్ధములో ఎందరిని చంపితివని యౌవనస్థులు అడుగకూడదు. ఇంట భార్యను కొట్టుచున్నయెడల ముందుగా ఆమెకును పిల్లలకును క్షేమమైన చోటు చూపుడి. ఓర్చుకొమ్మని ఆమెను తిరిగి పంపకుడి. నేరము జరిగినయెడల చట్టమునకు అప్పగించుడి, అప్పగించిన తరువాత చూచుటకు వెళ్లుడి. అమెరికాలో బఫెలో పట్టణమున 2008లో న్యాయాధిపతి రాబర్ట్ రస్సెల్ మాజీ సైనికులకొరకు ప్రత్యేకమైన కోర్టు స్థాపించెను. అందులో ముద్దాయి ప్రక్కన మరియొక మాజీ సైనికుడు తోడుగా నడుచును. మన గ్రామములలోను మిలిటరీనుండి వచ్చినవారు ఒకరికంటె ఎక్కువగానే యున్నారు. ఒకరినొకరు కలిసికొనునట్లు ఏర్పాటు చేయుట సంఘపెద్దలకు భారము కాదు.

మార్కు భాగములో చివరి సంగతి మిగిలియున్నది. ఆ మనుష్యుడు బట్టలు కట్టుకొని స్వస్థమైన మనస్సుతో కూర్చుండుట చూచినప్పుడు ఊరివారు సంతోషించలేదు, భయపడిరి. రెండువేల పందులు పోయినవి గదా! దయచేసి వెళ్లిపొమ్మని ప్రభువునే బ్రతిమాలుకొనిరి. ఆ మనుష్యుడు తానును పడవ ఎక్కుదునని అడిగెను. అడుగడా? తన్ను సంకెళ్లతో కట్టిన ఊరిలో మరల ఎవరు కాపురముందురు! ప్రభువు మాత్రము వానిని తన ఇంటివారియొద్దకే పంపెను. వాడు వెళ్లిన తరువాత ఆ ఇంటివారు తలుపు తీసిరో లేదో సువార్తలో లేదు.

మేము ఆ సహోదరుని ఇంటికి వెళ్లుటకు పదునొకండు నెలలు పట్టినది. సాయంకాలము వెళ్లితిమి. ఆయన భార్య స్టీలు గ్లాసులలో టీ తెచ్చియిచ్చెను. గుడిలో అందరియెదుట అన్న మాటకు ఆమెయెదుటనే క్షమాపణ అడిగితిమి. ఆయన చాలసేపు గ్లాసు చేతిలో త్రిప్పుచు కూర్చుండెను. యుద్ధము మాట ఎత్తలేదు. చివరకు, "అయ్యగారూ, ఆ రాత్రి ఆ పిల్లాడికి దెబ్బేమైనా తగిలిందా అండీ?" అని అడిగెను.

తగలలేదని చెప్పితిమి.

ఇప్పుడాయన కొన్ని ఆదివారములు వచ్చును, కొన్ని ఆదివారములు రాడు. వచ్చినప్పుడు తలుపు ప్రక్కన గోడకు వీపు ఆనించి కూర్చుండును. ఆ చోట మరియెవరును కూర్చుండకుండ పెద్దలు చూచుచున్నారు. జిల్లా ఆసుపత్రికి నెలకొకసారి వెళ్లుచున్నాడు. త్రాగుడు తగ్గినది, పూర్తిగా పోలేదు. క్రిస్మసు టపాకాయలు ఇప్పుడు ఆరాధన ముగిసిన తరువాత చెరువుగట్టు అవతల కాల్చుచున్నారు. కాల్చుటకు ముందు ఒక పిల్లవాడు పరుగెత్తుకొని వెళ్లి ఆయనకు చెప్పి వచ్చును.