ప్రకటనను బట్టి లేత వయసు గుర్రాన్ని అంచనా వేయడం: విస్తరణ శాస్త్రవేత్తలకు కొన్ని పరిశీలనాంశాలు

పుష్కర్, సారంగ్‌ఖేడా వంటి సంతలలో ముఖాముఖిగా సాగిన గుర్రాల బేరం నేడు చాలావరకు ఫోను తెర మీదికి వచ్చింది. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను పోషించేవారు, స్వారీ నేర్పేవారు మన రాష్ట్రాలలోనూ ఉన్నారు. వీరు దూరప్రాంతపు ప్రకటన ఒకటి చూసి, బయానా పంపే ముందు దానిని తెలిసిన పశువైద్యునికో, విస్తరణ శాస్త్రవేత్తకో పంపి “దీన్ని తీసుకోవచ్చా సార్?” అని అడగడం సహజం. మన పశుపోషణ శిక్షణలో అధికభాగం ఆవు, గేదెలకు సంబంధించినదే కావడంతో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడంలో తడబాటు కలుగుతుంది. ప్రకటనను మాత్రమే చూసి “తీసుకోండి” అనడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే “వద్దు” అనడానికీ, విక్రేతను ఏమి అడగాలో తెలుసుకోవడానికీ ఆ ప్రకటనే చాలినంత ఆధారం ఇస్తుంది.

పాఠం కోసం ఒక ప్రకటనను ఊహిద్దాం: “మార్వాడీ మగ పిల్ల. వయసు 18 నెలలు, రెండు పళ్ళు. పాలవంటి తెలుపు. ఎత్తు 57 అంగుళాలు, 64 దాటుతుంది. అన్నీ శుభ సుడులే. కాళ్ళలో ఏ దోషమూ లేదు.” దీనికి తోడు పక్కనుంచి తీసిన ఒక ఛాయాచిత్రం, పాట జోడించిన అరనిమిషం వీడియో ఉన్నాయి. చిత్రంలో గుర్రం మూతి చర్మం నల్లగా కనిపిస్తున్నది.

మొదట వయసును పరీక్షించాలి. గుర్రానికి పై దవడలోనూ, కింది దవడలోనూ ఆరేసి కుంతకాలు ఉంటాయి. పశువులకు పై దవడలో కుంతకాలు ఉండవు. పాలపళ్ళలో మధ్య జత పుట్టిన వారంలోనూ, రెండవ జత నెలన్నర ప్రాంతంలోనూ, అంచు జత ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్యనూ వస్తాయి. మధ్య జత రాలి శాశ్వత దంతాలు వచ్చేది సుమారు రెండున్నరేళ్ళకు. తక్కిన రెండు జతలు మూడున్నర, నాలుగున్నరేళ్ళకు మారుతాయి. కాబట్టి 18 నెలల పిల్ల నోట ఉండవలసినవి పాలపళ్ళే. “రెండు పళ్ళు” అన్న మాట నిజమైతే దాని వయసు రెండున్నరేళ్ళ దరిదాపుల్లో ఉండాలి. రెండేళ్ళకే రెండు పళ్ళు వేసే గిత్తలను చూసిన కన్ను ఈ ఏడాది తేడాను సులభంగా జారవిడుస్తుంది.

రంగు కూడా వయసుకు సాక్ష్యం చెబుతుంది. తెల్లగా కనిపించే గుర్రాలు రెండు విధాలు. నుక్రా అని పిలిచేవాటికి పుట్టుకతోనే తెల్లని రోమం, గులాబీ చర్మం ఉంటాయి. రెండవ రకం ముదురు రంగులో పుట్టి, చర్మం నల్లగానే ఉండగా రోమం మాత్రం ఏటేటా తెల్లబడుతుంది. ఈ మార్పు పూర్తి కావడానికి సాధారణంగా అనేక సంవత్సరాలు పడుతుంది. నల్లని మూతితో, మచ్చలేని తెల్లని దేహంతో ఉన్న గుర్రానికి 18 నెలలంటే అనుమానించాలి. తెల్లబడే వేగం గుర్రానికీ గుర్రానికీ మారుతుంది కనుక దీనిని ఏకైక ఆధారంగా తీసుకోరాదు. పంటి సాక్ష్యంతో కలిసినప్పుడే దీనికి బలం.

ఇక ఎత్తు. పిల్ల ఏడాది నిండేసరికి తన పూర్తి ఎత్తులో సుమారు 90 శాతం, 18 నెలలకు సుమారు 95 శాతం అందుకుంటుంది. బరువు మాత్రం వెనుకబడి వస్తుంది. 57 అంగుళాలంటే సుమారు 145 సెంటీమీటర్లు. దీనిని 95 శాతంగా లెక్కిస్తే పూర్తి ఎత్తు 153 సెంటీమీటర్లు, అనగా 60 అంగుళాలు. వంశాన్ని, పోషణను బట్టి అంగుళం అటూ ఇటూ కావచ్చు గాని, 64 అందనిది. ఒకవేళ వయసు రెండున్నరేళ్ళే అయితే పెరగడానికి మిగిలింది మరీ స్వల్పం. విక్రేత చెప్పిన వయసు, పళ్ళు, ఎత్తు ఒకదానితో ఒకటి పొసగడం లేదని ఇల్లు కదలకుండానే తేలింది. ఎత్తును ఎప్పుడూ చదునైన నేలమీద మూపు వద్దనే కొలవాలని కొనేవారికి చెప్పాలి. ఎదిగే పిల్లకు మూపుకన్నా తుంటి ఎత్తుగా ఉండడం మాత్రం దోషం కాదు.

కాళ్ళ విషయంలో ఒక్క పక్కచిత్రం దాదాపు ఏమీ చెప్పదు. ఫోనును తల దగ్గరగా, ఎత్తుగా పట్టి తీస్తే తల పెద్దదిగా, కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి. పచ్చగడ్డిలో నిలబెడితే గిట్టలే కనిపించవు. ముందునుంచి చూసినప్పుడు జబ్బ మొన నుంచి జారవిడిచిన ఊహారేఖ మోకాలిని, దాని కింది ఎముకను, గిట్టను సరిగా రెండుగా చీల్చాలి. పక్కనుంచి చూసినప్పుడు మోకాలు వెనుకకు వంగి ఉండడం ముందుకు వంగి ఉండడం కన్నా హానికరం. బరువుతో పరుగెత్తినప్పుడు ఆ కీలు ముందువైపు ఎముకలపై ఒత్తిడి పడుతుంది. వెనుకనుంచి చూసినప్పుడు హాక్ కీళ్ళు కొద్దిగా లోపలికి తిరిగి ఉంటే చాలా గుర్రాలు దానితోనే చక్కగా పనిచేస్తాయి. కనుక ముందు, వెనుక, రెండు పక్కలు, నాలుగు గిట్టల అడుగుభాగాలు, పెదవులు తెరిచిన నోరు విడివిడిగా చిత్రాలు కోరాలి.

వీడియోకు పాట ఎందుకు జోడిస్తారు? చాలావరకు అలంకారం కోసమే కావచ్చు. అయినా దానివల్ల గిట్టల చప్పుడు వినిపించకుండా పోతుంది. ట్రాట్‌లో గట్టి నేలపై రెండు దెబ్బలు సమానంగా వినిపించాలి. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకెత్తి, మంచి కాలు ఆనినప్పుడు దించుతుంది. మార్వాడీలలో కొన్నింటికి రేవాల్ అనే సహజమైన మెత్తని నడక ఉంటుంది. చూడడానికి అది హాయిగా ఉన్నా, అందులో ఈ తల ఊపు స్పష్టంగా తెలియదు. అందుచేత శబ్దం తీసివేయని వీడియోలో, వదులైన తాడుతో, గట్టి నేలపై దగ్గరకు వస్తూ, దూరంగా పోతూ ట్రాట్ చేయించమని అడగాలి.

సుడుల ప్రసక్తి లేని గుర్రపు ప్రకటన అరుదు. పంచకల్యాణి వంటి లక్షణాలకూ, సుడుల శుభాశుభాలకూ మన సాహిత్యంలో అశ్వలక్షణ గ్రంథాల కాలం నుంచి ఆదరణ ఉంది. మనుమంచి భట్టు తెలుగులో అశ్వశాస్త్రాన్ని పద్యాలలో రచించాడు. సుడి గుర్రం ఆరోగ్యాన్ని గాని, యజమాని అదృష్టాన్ని గాని నిర్ణయిస్తుందనడానికి ఆధారం లేదు. అలాగని కొనేవారితో వాదించి ప్రయోజనమూ లేదు. నుదుట, మెడపై, రొమ్ముపై ఉన్న సుడులు జీవితాంతం మారవు గనుకనే గుర్రపు గుర్తింపు పత్రాలలో వాటి రేఖాచిత్రం గీస్తారు. ప్రకటనలోని చిత్రాలను బట్టి ఆ పటం గీసి ఉంచితే, లారీ నుంచి దిగిన గుర్రం బేరమాడిన గుర్రమేనా అన్నది నిమిషంలో తెలుస్తుంది.

ప్రకటన ఎంత నిజాయితీగా ఉన్నా చూపలేనిది గ్లాండర్స్. బర్ఖోల్డెరియా మాలై అనే బాక్టీరియా వల్ల కలిగే ఈ వ్యాధి గుర్రాలను సాకే మనుషులకూ సోకి ప్రాణాంతకం కావచ్చు. దీర్ఘకాలిక దశలో గుర్రం పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. దీనికి టీకా లేదు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం కింద ఇది తప్పక తెలియజేయవలసిన వ్యాధి. నిర్ధారణ అయిన గుర్రాన్ని వధించవలసి ఉంటుంది. పెళ్ళిగుర్రాన్ని అదే కుటుంబంలోని పిల్లలు తోముతారు, మేపుతారు, ఒక్కొక్కప్పుడు దాని పక్కనే నిద్రిస్తారు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వంటి ప్రయోగశాలలో జరిగిన రక్తరసి పరీక్ష ఫలితం, అందులో గుర్రం గుర్తింపు వివరాలు, నమూనా తీసిన తేదీ చూడనిదే బయానా పంపవద్దని స్పష్టంగా చెప్పాలి.

పై ప్రకటన గురించి అడిగినవారికి ఇలా రాయవచ్చు: “వయసు, పళ్ళు, ఎత్తు పొసగడం లేదు. నోటి చిత్రం, గిట్టల చిత్రాలు, శబ్దంతో కూడిన ట్రాట్ వీడియో, గ్లాండర్స్ పరీక్ష నివేదిక తెప్పించండి. అవి వచ్చాక అక్కడి పశువైద్యునిచేత గుర్రాన్ని చూపిద్దాం. అంతవరకు డబ్బు పంపకండి. తరువాత తెచ్చుకున్నా, మొదటి మూడు వారాలు మీ పాత గుర్రాలకు దూరంగా, వేరే నీళ్ళతొట్టి పెట్టి కట్టండి.”