ఉప్పునీరు తరిమిన కుటుంబాలు

కూలి ఎక్కువ దొరుకుతుందని ఊరు విడిచే వలస మనకు తెలిసిందే. నేల, నీరు పాడై, ఊళ్లో బతుకు సాగక కదిలే వలస వేరు. మొదటి వలసలో వెనక్కి రావడానికి పొలం మిగులుతుంది. రెండోదానిలో అదీ మిగలదు.

పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో విస్తరించిన సుందరబన్స్ ప్రాంతాన్ని చూద్దాం. 2009 మే 25న ఐలా తుఫాను అక్కడ తీరం దాటింది. మట్టితో కట్టిన కరకట్టలు తెగి, ఉప్పునీరు పొలాలను ముంచింది. బంగ్లాదేశ్‌లోని ఖుల్నా, సత్‌ఖీరా జిల్లాల్లో కొన్ని గండ్లు పూడ్చడానికి ఏడాదికి పైగా పట్టింది. అంతవరకు ఆటుపోట్ల నీరు రోజూ లోపలికి వచ్చి పోయేది. వరి పొలాలు చౌడుబారాయి, తాగునీటి చెరువులు ఉప్పగా మారాయి. చాలా ఇళ్లలో మగవాళ్లు పని కోసం నగరాలకు వెళ్లారు. కొన్ని కుటుంబాలు శాశ్వతంగా బస్తీలకు చేరాయి.

తుఫానులు అక్కడ కొత్త కాదు. అయితే భూమి వేడెక్కే కొద్దీ సముద్రపు నీరు వ్యాకోచిస్తుంది, మంచు కరిగి అందులో కలుస్తుంది. మట్టం పెరిగినప్పుడు అంతే బలమున్న తుఫాను కూడా ఉప్పెనను మరింత లోపలికి తెస్తుంది. డెల్టా నేల కుంగడం, కట్టల మరమ్మతు సరిగా లేకపోవడం దీనికి తోడవుతున్నాయి.

తగిన చర్యలు లేకపోతే 2050 నాటికి ప్రపంచంలోని ఆరు ప్రాంతాల్లో 21.6 కోట్ల మంది వరకు తమ దేశాల్లోనే తావు మారవలసి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం పీడన భయంతో దేశం దాటినవారి కోసం ఏర్పడింది. సముద్రం తరిమినవారి ప్రస్తావన అందులో లేదు.

దివ్యఖురాన్ తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌కు అర్హులుగా పేర్కొన్న ఎనిమిది వర్గాల్లో ‘ఇబ్నుస్సబీల్’, అంటే బాటసారి, ఒకరు. సొంత ఊళ్లో ఆస్తి ఉన్నా, దారిలో చేతిలో ఏమీ లేనివారికి సాయం చేయవచ్చని ఫిఖహ్ పండితులు వివరించారు. కాగితంపై భూమి ఉండి, ఆ భూమిలో గింజ పండని రైతును చూసినప్పుడు ఈ మాట మనకు గుర్తుండాలి. ఆయనకు జకాత్ ఇవ్వాలా, సదఖా ఇవ్వాలా అన్నది ఉలమాలను అడిగి తెలుసుకుందాం. అడగడం అలవాటు లేని మనిషి కాబట్టి ఆయన చేయి చాచే వరకు మాత్రం ఆగవద్దు.

ఆ ప్రాంతం నుంచి దక్షిణాదికి నిర్మాణ పనులకు వచ్చేవారు ఉన్నారు. మన పట్టణంలో అలాంటి కుటుంబం కనిపిస్తే చేయగలిగినవి రెండున్నాయి. టీసీ లేదని 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బడిలో ప్రవేశం నిరాకరించకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన రేషన్ కార్డు ఉన్నవారు వేరే రాష్ట్రంలోనూ బియ్యం తీసుకోవచ్చు. భాష రాని తండ్రికి ఈ సంగతులు ఎవరూ చెప్పరు. వెంట వెళ్లి బడిలో పేరు రాయించడానికి, రేషన్ దుకాణం చూపించడానికి డబ్బు అక్కరలేదు. దాతలుగా మనం ఒక పూట సమయాన్ని కూడా ఇద్దాం.