హెడ్‌ఫోన్స్‌తో పాటను మిక్సింగు చేయుట

మన కుటుంబాలలో అనేకమంది యువకులు ఇప్పుడు ఇంటిలోనే కంప్యూటరు మీద పాటలు రికార్డు చేస్తున్నారు. గాత్రము, హార్మోనియం, తబలా, కీబోర్డు వేర్వేరుగా రికార్డు చేసి, వాటి పాళ్ళు సరిచూసి ఒక్క పాటగా కలపడమే మిక్సింగు. ఈ పనికి మంచి స్పీకర్లు, ప్రతిధ్వని అణచిన గది కావాలి. ముంబైలోనో బెంగుళూరులోనో రెండు గదుల అద్దె ఇంటిలో, గోడకు అవతల పొరుగువారు నిద్రపోతుండగా, అది సాధ్యపడదు. కనుక చాలామందికి హెడ్‌ఫోన్సే ఆధారము.

అయితే హెడ్‌ఫోన్స్‌లో చక్కగా కుదిరిన పాటను స్పీకర్లలో పెట్టగానే మాటలు వాద్యాలలో మునిగిపోతుంటాయి. ఇది చిన్న నష్టము కాదు. తెలుగు చదవడం రాని మన పిల్లలు పాట వినే మాటలు నేర్చుకుంటారు. మాట వినబడకపోతే పాట వారికి చేరనట్లే. దీనికి కారణమేమిటో, ఉపాయమేమిటో ఈ పాఠములో చూద్దాము.

1. రెండు విధాలైన వినికిడి

ఎదుట రెండు స్పీకర్లున్నప్పుడు ఎడమ స్పీకరు శబ్దము ఎడమ చెవికే గాక కుడి చెవికి కూడా చేరుతుంది. స్పీకరు 30 డిగ్రీల ప్రక్కగా ఉంటే, దూరపు చెవికి అది సెకనులో సుమారు 4,000వ వంతు ఆలస్యముగా చేరుతుంది. తల అడ్డు వచ్చుట వలన పదునైన హెచ్చు స్వరాలు అక్కడ కొంత తగ్గుతాయి. గోడలకు తగిలి తిరిగి వచ్చే శబ్దము కూడా కలుస్తుంది. వీటిని బట్టి పాట ఎదుటి నుండి వస్తున్నదని మెదడు గ్రహిస్తుంది.

హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే. గది లేదు. అందుచేత పాట తల లోపలే మోగినట్లుంటుంది. బీటిల్స్ బృందము 1965లో విడుదల చేసిన ‘రబ్బర్ సోల్’ స్టీరియో రికార్డులో చాలా పాటలకు గాత్రము కుడి వైపు, వాద్యాలు ఎడమ వైపు ఉన్నాయి. స్పీకర్లలో అది ఇబ్బందిగా తోచదు. హెడ్‌ఫోన్స్‌లో ఒక చెవిలోనే ఎవరో పాడుతున్నట్లుంటుంది.

మరొక సంగతి. చెవికి ఆనుకొని ఉన్నందున సన్నని శబ్దము కూడా స్పష్టముగా వినబడుతుంది. గాత్రము తగ్గినా సరిపోయిందనిపిస్తుంది. మోసము ఇక్కడే జరుగుతుంది.

2. సాఫ్ట్‌వేర్ చేసే పని

ఒక వైపు శబ్దములో కొంత భాగాన్ని కాస్త ఆలస్యము చేసి రెండవ చెవికి పంపే పద్ధతికి క్రాస్‌ఫీడ్ అని పేరు. దీనిని గూర్చి బెంజమిన్ బాయర్ 1961లో, సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1971లో వ్రాశారు. అప్పుడది విద్యుత్ సర్క్యూటు. నేడు వేవ్స్ వారి ఎన్ఎక్స్, డిసోనిక్ వారి రియల్‌ఫోన్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లు దానితోపాటు గది ప్రతిధ్వనిని కూడా అనుకరిస్తాయి. ఎదుట స్పీకర్లున్నట్లు తోపింపజేస్తాయి.

వీటికి హద్దులున్నాయి. తల, చెవి డొప్ప ఆకారము మనిషికొక తీరు గనుక అందరికీ ఒకేలా పనిచేయవు. బాస్ శబ్దము ఛాతీకి తగిలే అనుభవాన్ని ఇవి ఇవ్వలేవు.

3. పాటించవలసిన జాగ్రత్తలు

అ) ముందుగా మనకు బాగా తెలిసిన నాలుగైదు మంచి పాటలను ఆ సాఫ్ట్‌వేర్ ద్వారా వినాలి. చెవి దానికి అలవాటు పడిన తరువాతే మిక్సింగు మొదలుపెట్టాలి.

ఆ) ఇది మనము వినడానికే గాని పాటలో కలపడానికి కాదు. పాటను ఫైలుగా తీసేటప్పుడు తప్పక ఆపివేయాలి. లేనియెడల వినేవారి గది మీద మరొక గది చేరి పాట మసకబారుతుంది.

ఇ) శబ్దము తక్కువగా పెట్టుకొని గాత్రము పాలు నిర్ణయించాలి. మెల్లగా పెట్టినా మాట తెలిస్తే గాత్రము సరిగా ఉన్నదని ధైర్యముగా చెప్పవచ్చు.

ఈ) చెవులను కాపాడుకోవాలి. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. మధ్య మధ్య విశ్రాంతి అవసరము.

ఉ) చివరకు ఫోను స్పీకరులోను, ఇంటిలోని టీవీలోను పాట పెట్టి చూడాలి. రెండు వైపులను ఒకటిగా కలిపి మోనోలో కూడా వినాలి. పాట ముందుగా వినని ఒకరిని కూర్చోబెట్టి, మాటలు తెలిశాయా అని అడగాలి. మాటలు మనకు కంఠస్థమై ఉంటాయి గనుక, ఈ విషయములో మన చెవి సాక్ష్యము చాలదు.

సాఫ్ట్‌వేర్ దారి చూపుతుంది; తీర్పు వినేవారిదే.

చర్చకు ప్రశ్నలు
1. హెడ్‌ఫోన్స్‌లో గాత్రము సరిపోయినట్లు ఎందుకు తోస్తుంది?
2. ఫైలు తీసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌ను ఎందుకు ఆపివేయాలి?
3. మీ పాటను ఎక్కువమంది ఏ సాధనములో వింటారు? అందులో పరీక్షించారా?