ప్రశ్నలు - జవాబులు: వీఐ ఎడిటర్ తొలి పాఠాలు

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. లైనక్స్ ల్యాబ్‌లో వీఐ ఎడిటర్‌లోనే సీ ప్రోగ్రాములు రాయమంటున్నారు. టైప్ చేస్తుంటే కొన్ని అక్షరాలు పడవు, కర్సర్ ఎక్కడికో దూకుతుంది, ఉన్న లైన్లు మాయమవుతాయి. బయటికి రావడం తెలియక ప్రతిసారీ విండో మూసేస్తున్నాను. నాకు ఇది వంటబట్టదేమో అనిపిస్తోంది.
- ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: తప్పకుండా వంటబడుతుంది. మీరు చెప్పిన ఇబ్బందులన్నిటికీ కారణం ఒక్కటే. నోట్‌ప్యాడ్‌లో ఏ కీ నొక్కినా ఆ అక్షరం తెరమీద పడుతుంది. వీఐ అలా కాదు. ఫైల్ తెరవగానే అది నార్మల్ మోడ్‌లో ఉంటుంది. అక్కడ ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ. మీరు నేరుగా ‘ఇంట్ మెయిన్’ అని మొదలుపెట్టారనుకోండి, మొదటి అక్షరం ఐ రాతకు తలుపు తీసే ఆజ్ఞగా ఖర్చయిపోతుంది. ఫైల్‌లో ఎన్, టీ నుంచే పడతాయి. అక్షరాలు పోతున్నాయని మీకు అనిపించేది అందుకే.

కాబట్టి ముందు ఐ నొక్కండి. తెర అడుగున ‘ఇన్సర్ట్’ అని కనిపించాక రాసుకోండి. రాయడం అయ్యాక ఎస్కేప్ కీ నొక్కితే మళ్లీ నార్మల్ మోడ్. అక్కడ కోలన్, డబ్ల్యూ, క్యూ వరుసగా నొక్కి ఎంటర్ కొడితే ఫైల్ సేవ్ అయి ఎడిటర్ మూసుకుంటుంది. చేసిన మార్పులు అక్కర్లేదనుకుంటే కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. ఏ మోడ్‌లో ఉన్నారో తెలియకపోతే ఎస్కేప్ రెండుసార్లు నొక్కండి, నష్టమేమీ లేదు. క్యాప్స్ లాక్ వెలుగుతోందేమో కూడా చూసుకోండి. చిన్న జె కర్సర్‌ను కిందికి దించితే, పెద్ద జె కింది లైనును తెచ్చి పై లైనుకు అతికిస్తుంది.

ఇక విండో మూసేసే అలవాటు మాత్రం మానండి. అలా మూసినప్పుడు విమ్, అంటే లైనక్స్‌లో సాధారణంగా వీఐగా తెరుచుకునే దాని మెరుగైన రూపం, ఒక స్వాప్ ఫైల్‌ను వదిలి వెళ్తుంది. మరోసారి అదే ఫైల్ తెరిస్తే పెద్ద హెచ్చరిక కనిపిస్తుంది. కంగారుపడకండి, అది మీ మేలుకే. అక్కడ ఆర్ నొక్కితే సేవ్ చేయని పని చాలావరకు తిరిగొస్తుంది. సరిచూసుకుని సేవ్ చేశాక ఆ స్వాప్ ఫైల్‌ను తొలగించండి. లేకపోతే హెచ్చరిక మళ్లీ మళ్లీ వస్తుంది.

విమ్‌లోంచి బయటికి రావడమెలా అన్న ప్రశ్నను స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2017 నాటికే 10 లక్షలకు పైగా సార్లు చూశారు. ఉద్యోగాల్లో ఉన్న ప్రోగ్రామర్లు కూడా ఇక్కడ ఆగిపోయినవాళ్లే. మీ తెలివిని శంకించుకోకండి.

ప్రశ్న: సర్వర్ సపోర్ట్‌లో రాత్రి షిఫ్టు చేస్తాను. వంద కమాండ్లున్న చార్టు ప్రింట్ తీసి మానిటర్ పక్కన అతికించుకున్నాను. నెలలు గడిచినా నాలుగైదు తప్ప గుర్తుండటం లేదు. బట్టీపట్టే మార్గమేదైనా చెప్పండి.
- ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: బట్టీ వద్దు, ముందు ఆ చార్టు తీసేయండి. ఎక్కాల పుస్తకంలా కనిపించే ఆ వంద కమాండ్ల వెనక చిన్న వ్యాకరణం ఉంది. దాన్ని పట్టుకుంటే సగం చార్టు మీరే తయారుచేసుకోగలరు.

డీ అంటే తొలగించు. సీ అంటే తొలగించి, ఆ చోట కొత్తది రాయనివ్వు. వై అంటే కాపీ చెయ్యి. ఈ మూడూ క్రియలు. వీటి పక్కన ఎంతమేరకు అన్నది చెప్పాలి. డబ్ల్యూ అంటే తర్వాతి పదం మొదలు దాకా, డాలర్ గుర్తు అంటే లైను చివరిదాకా, పెద్ద జీ అంటే ఫైల్ చివరిదాకా. ఇప్పుడు కలపండి. డీ, డబ్ల్యూ నొక్కితే పదం పోతుంది. డీ, డాలర్ నొక్కితే కర్సర్ నుంచి లైను చివరిదాకా పోతుంది. క్రియనే రెండుసార్లు నొక్కితే మొత్తం లైను మీద పనిచేస్తుంది. డీ, డీ లైను తీసేస్తుంది, వై, వై లైను కాపీ చేస్తుంది. ముందు అంకె చేర్చి 3, డీ, డీ అంటే మూడు లైన్లు. తీసినది, కాపీ చేసినది ఏదైనా సరే, పీ నొక్కితే కొత్త చోట దిగుతుంది. విమ్‌లో అయితే సీ, ఐ, కొటేషన్ గుర్తు వరుసగా నొక్కి చూడండి. కొటేషన్ల మధ్య ఉన్నదంతా పోయి, కొత్త విలువ రాయడానికి కర్సర్ అక్కడే నిలబడుతుంది. కాన్ఫిగ్ ఫైళ్లతో రోజూ కుస్తీపట్టే మీకు దీన్ని మించిన కమాండ్ లేదని నా అభిప్రాయం.

మీ పనిలోంచే ఒక ఉదాహరణ. ఫైల్‌లో 8080 అనే పోర్టు నాలుగైదు చోట్ల ఉంది, కొన్నిటిని మాత్రమే 9090గా మార్చాలి. స్లాష్ గుర్తు, 8080, ఎంటర్ నొక్కితే కర్సర్ మొదటిదాని మీద వాలుతుంది. సీ, డబ్ల్యూ నొక్కి 9090 రాసి ఎస్కేప్ కొట్టండి. ఎన్ నొక్కితే తర్వాతిది కనిపిస్తుంది. మార్చాల్సిందే అయితే చుక్క నొక్కండి, చేసిన మార్పు దానంతటదే మళ్లీ జరుగుతుంది. వద్దనుకుంటే ఇంకోసారి ఎన్. ఎర్రర్ మెసేజ్ 42వ లైను అని చెబితే కోలన్, 42, ఎంటర్ కొట్టి అక్కడికే వెళ్లండి. పొరపాటైతే యూ నొక్కితే వెనక్కి వస్తుంది, కంట్రోల్ ఆర్ నొక్కితే తీసేసిన మార్పు తిరిగొస్తుంది.

ఒక్క వారం ఈ కాసిని ఆజ్ఞలతోనే పని నడపండి. అయితే నడుస్తున్న సర్వర్‌లో ఏ ఫైల్ తెరిచేముందైనా దాని కాపీ ఒకటి పక్కన పెట్టుకోవడం మరవకండి. యూ నొక్కి వెనక్కి వెళ్లగలం కదా అన్న ధీమా ఎడిటర్ తెరిచి ఉన్నంతవరకే.

ప్రశ్న: ఉబుంటులో వీఐ తెరిచి యారో కీలు నొక్కితే ఏ, బీ, సీ, డీ అని పడుతున్నాయి. కీబోర్డు పాడైందా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కీబోర్డు బాగానే ఉంది. ఉబుంటుతో మొదట వచ్చేది విమ్‌కు చాలా చిన్న రూపం. అది పాత వీఐలా నడుచుకున్నప్పుడు, యారో కీ పంపే సంకేతాన్ని రాస్తున్న మోడ్‌లో సరిగా గుర్తించదు. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ విమ్ అనే కమాండ్‌తో పూర్తి విమ్ వేసుకుంటే సమస్య తీరుతుంది.

అంతవరకు ఎస్కేప్ నొక్కి హెచ్, జె, కె, ఎల్ వాడండి. వరుసగా ఎడమ, కింద, పైన, కుడి. 1976లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ వీఐ రాసినప్పుడు వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఈ నాలుగు అక్షరాల మీదే ముద్రించి ఉండేవి. ఎస్కేప్ కీ కూడా దానిలో ఇప్పటి ట్యాబ్ స్థానంలో, చిటికెన వేలికి అందేలా ఉండేది.

ప్రశ్న: నాకు నానో ఎడిటర్ చాలు. అయినా విమ్ నేర్చుకోవాలా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఎప్పుడో ఒక ఫైల్ దిద్దడమే మీ పని అయితే నానోతో హాయిగా ఉండండి. కమాండ్లు తెర అడుగునే కనిపిస్తాయి. అక్కడి టోపీ గుర్తుకు కంట్రోల్ కీ అని అర్థం. కంట్రోల్ ఓ సేవ్ చేస్తుంది, కంట్రోల్ ఎక్స్ బయటికి తెస్తుంది. అయినా వీఐలో ఐ, ఎస్కేప్, సేవ్ చేసి బయటికి రావడం, ఈ మూడైనా తెలిసి ఉండటం మంచిది. నానో లేని సర్వర్లు ఉంటాయి.

ప్రశ్న: విమ్‌లో అలవాటుకొద్దీ కంట్రోల్ ఎస్ నొక్కితే తెర బిగుసుకుపోయింది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కంట్రోల్ క్యూ నొక్కండి. తెరకు అక్షరాలు పంపడం ఆపమని టెర్మినల్‌కు కంట్రోల్ ఎస్ చెబుతుంది, మళ్లీ మొదలుపెట్టమని కంట్రోల్ క్యూ చెబుతుంది. మీ పని ఎక్కడికీ పోలేదు. కంట్రోల్ జెడ్ నొక్కి ఎడిటర్ మాయమైందని భయపడేవారూ ఉన్నారు. అది వెనక ఆగి ఉంటుంది. టెర్మినల్‌లో ఎఫ్, జీ అని కొట్టి ఎంటర్ నొక్కితే ముందుకొస్తుంది.

ప్రశ్న: విమ్‌లో తెలుగు రాస్తున్నాను. ఎస్కేప్ నొక్కాక కమాండ్లు పనిచేయడం లేదు.
- ఒక అనువాదకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నార్మల్ మోడ్‌కు ఇంగ్లీషు అక్షరాలే ఆజ్ఞలు. ఎస్కేప్ నొక్కగానే కీబోర్డును ఇంగ్లీషుకు మార్చండి, రాయడానికి ఐ నొక్కాక తెలుగుకు మార్చండి. కొన్ని టెర్మినళ్లు ఒత్తులను విడదీసి చూపిస్తాయి. అది తెరమీద కనిపించే లోపమే, ఫైల్‌లో తెలుగు సరిగ్గానే ఉంటుంది.

ప్రశ్న: ఇవన్నీ ఎక్కడ సాధన చేయాలి? కోచింగ్‌కు వెళ్లే స్తోమత లేదు.
- ఒక డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: రూపాయి ఖర్చు అక్కర్లేదు. పూర్తి విమ్ ఉన్న కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి, మధ్యలో ఖాళీ లేకుండా విమ్‌ట్యూటర్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. సుమారు అరగంట పాఠం తెరుచుకుంటుంది. చదవడమే కాదు, ఆ పాఠాన్నే దిద్దుతూ నేర్చుకుంటారు. తెరుచుకునేది నకలు ప్రతి కాబట్టి ఎంత చెరిపినా అసలుది పాడవదు. విమ్‌ను 1991లో తొలిసారి విడుదల చేసిన బ్రామ్ మోలెనార్ 2023లో కన్నుమూశారు. జీవితాంతం దానికి ధర అడగలేదు. నచ్చితే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని మాత్రమే కోరారు. మొదటి పాఠం ఇవాళే తెరవండి. ఎక్కడైనా ఆగిపోతే, ఏ కీ నొక్కితే ఏం జరిగిందో వివరంగా రాసి పంపండి.