కాళీఘాట్ పటాలు – పైసాకు దొరికిన దేవుళ్ళు

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. చరిత్ర)



చిత్రకళ అనగానే మన పాఠ్యపుస్తకాల్లో అజంతా, మొఘల్ చిత్రాలు వస్తాయి. వాటి వెనుక రాజులున్నారు. రాజుల కోసం కాక, నడిచి వచ్చిన యాత్రికుల కోసం పుట్టిన కళ ఒకటి ఉంది. అదే కాళీఘాట్ చిత్రకళ.

పుట్టుక: కలకత్తాలో ఇప్పుడున్న కాళీమాత గుడి 1809లో పూర్తయింది. యాత్రికులు పెరిగారు. బెంగాల్ పల్లెల్లో బట్ట చుట్టలు, కాగితపు చుట్టలు విప్పుతూ కథ పాడే పటువాలు బతుకుతెరువు కోసం అక్కడికి చేరారు. వీరిలో ఇస్లాం మతస్థులూ ఉన్నారు. అయినా గీసింది, పాడింది హిందూ దేవతల కథలే.

పద్ధతి: గుడికి వచ్చినవారికి కథంతా వినే తీరిక లేదు. అందుకే పొడవైన చుట్ట పోయి ఒక్క కాగితం, ఒక్క బొమ్మ మిగిలాయి. మిల్లు కాగితం, నీటి రంగులు చౌకగా దొరికాయి. ఇంట్లో ఒకరు గీత గీస్తే మరొకరు రంగు నింపేవారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా పనిచేసేవారు. వెనుక భాగం ఖాళీగా వదిలేసేవారు. గీత వెంబడి రంగును ముదురు నుంచి లేతకు తేవడంతో బొమ్మ గుండ్రంగా కనబడుతుంది. ధర ఒకటి రెండు పైసలు. పేదవాని గోడమీదకు దేవుడు ఆ ధరకే వచ్చాడు.

విషయాలు: కాళి, మహిషాసురమర్దిని, శివుడు, కృష్ణుడు, గుండె చీల్చి సీతారాములను చూపే హనుమంతుడు. దేవుళ్ళతో ఆగలేదు. నుదుట నామం పెట్టుకుని నోట చేప పట్టిన పిల్లి బొమ్మతో దొంగ భక్తులను ఎగతాళి చేశారు. 1873 నాటి తారకేశ్వర్ హత్య కేసులో మహంతు దోషం కూడా బొమ్మలుగా అమ్ముడైంది.

క్షీణత: 1878లో కలకత్తా ఆర్ట్ స్టూడియో, 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్ మొదలయ్యాయి. జర్మనీ నుంచి అచ్చుబొమ్మలు దిగాయి. చేతి బొమ్మ యంత్రంతో పోటీ పడలేకపోయింది. 1930ల నాటికి ఈ వృత్తి దాదాపు ఆగిపోయింది. తర్వాత జామినీ రాయ్ (1887–1972) ఆ గీతల నుంచే తన శైలి తీర్చుకుని పేరు పొందారు. నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 600కు పైగా పటాలున్నాయి. వాటిలో చాలావాటికి గీసినవారి పేరు లేదు.

మన దగ్గర: చేర్యాల నకాశీలు గీసిన పటాలు చూపి కథకులు కులపురాణాలు చెబుతారు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారి చేతిలోనూ పటమే ఉంటుంది. కాళీఘాట్‌లో బొమ్మ అమ్ముడుపోయింది, పాట విడిపోయింది. ఇక్కడ పటం, పాట కలిసే నిలిచాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. అందుకే చరిత్రలో ముందు పనిచేసిన చేతులను వెదుకుతాను. తమ్ముళ్ళూ! పరీక్షకు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు పటం కథ చెప్పేవారు కనబడితే పటం ఎవరు గీశారో అడిగి, ఆ పేరు నోటుబుక్కులో రాసుకోండి. ఆ పనైనా చదువుకున్న మనం చేయాలి.